ఏడుగురూ పడ్డ ఫోటో

నేను ఒక లెన్సుని. అరచేతిలో ఇమిడిపోతాను, జూమ్ గీమ్ ఏమీ లేవు. పుట్టించినవాళ్లు నాకిచ్చిన వరం ఒక్కటే: నా కన్ను బాగా పెద్దగా తెరుచుకుంటుంది, గుడ్డి వెలుతురైనా నాకు చాలు. ఆ సంగతి పట్టించుకున్న నాథుడు లేడు. మొదట కొన్న కాలేజీ కుర్రాడు మూడు నెలలు పూలనీ పిల్లుల్నీ తీసి, మోజు తీరాక కెమెరాతో పాటు నన్నూ అమ్మేశాడు. కొన్నది తణుకులో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ సువర్ణరాజు. "జూమ్ లేనిది మనకెందుకు" అని పాత సాక్సులో చుట్టి బ్యాగు అడుగున పడేశాడు. పదేళ్లు అక్కడే ఉన్నాను. అతనికి ఫ్లాషే దేవుడు.

ఆ పదేళ్లూ పెళ్లి ఊరేగింపుల్లో కనకలింగం మాస్టారి ఏడుగురి బ్యాండు వింటూనే ఉన్నాను. పెళ్లికొడుకు కారు ఫ్రేములో పడాలని, "కాస్త పక్కకి జరగండి" అంటూ ఆ ఏడుగుర్నీ ప్రతిసారీ తప్పించింది మా సువర్ణరాజే.

మొన్న వేసవిలో మాస్టారు నల్లకళ్లద్దాలతో స్టూడియోకొచ్చారు.

"శుక్లాల ఆపరేషనయిందండి. ఊపిరి కూడా చాలట్లేదు. ఆదివారం మధ్యాహ్నం మేం సాధన చేసుకునే షెడ్డులో ఇంటోళ్ల ముందు ఆఖరుసారి వాయిస్తాం. నలభై ఏళ్లయినా ఏడుగురం వాయిస్తున్న ఫోటో ఒక్కటీ లేదండి. ఒక్కటి తియ్యండి. ఫ్లాషు మాత్రం వద్దండి, కళ్లు తట్టుకోవు."

సువర్ణరాజు ముఖం చిన్నబోయింది. సరేనన్నాడు.

ఆదివారం మాస్టారి కళ్ల కోసం షెడ్డు కిటికీలకి దుప్పట్లు కట్టారు. వెలుగుతున్నవి రెండే బల్బులు. జూమ్ లెన్సుతో తీసినవన్నీ మసకే. సువర్ణరాజు బ్యాగంతా తోడి, సాక్సు విప్పి, గతిలేక నన్ను బిగించాడు. ఏడుగురూ పట్టాలంటే వెనక్కి నడవాలి మరి. వీపు తలుపుకి ఆనేదాకా నడిచాడు. అక్కడ పాత అలవాటుకొద్దీ నోరు జారాడు.

"ఇటు చూడండి, నవ్వండి."

వాయిద్యాలు ఆగిపోయాయి. ఏడుగురూ పెళ్లివారిలా నిలబడ్డారు.

"నవ్వితే ఊదలేం బాబూ," అన్నారు మాస్టారు.

మళ్లీ మొదలుపెట్టారు. తీసిందల్లా వాయించేవాళ్ల చేతులు కదిలి అలుక్కుపోతోంది. మిగిలింది చివరి పాట ఒక్కటే. అప్పుడు అతనికి గుర్తొచ్చింది. ఆ పాట చివర డప్పులు ఆగి, కర్రలు గాల్లో నిలిచి, అందరూ కదలకుండా మాస్టారి వంక చూస్తారు. ఆయన ఒక్కరే బాకా మీద ఒక స్వరం పట్టి లాగుతారు. ఇన్నాళ్లూ ఊరేగింపుల్లో ఆ విరామంలోనే ఇతను బ్యాటరీలు మార్చుకునేవాడు.

స్వరం వచ్చింది. ఊపిరి బిగబట్టి నొక్కాడు. నేను కన్ను తెరిచి ఉన్నదంతా తాగేశాను.

కెమెరా వెనక తెర చూసుకుని అక్కడే నేలమీద కూలబడ్డాడు. "హమ్మయ్య," అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

మాస్టారు అద్దాలు తీసి, కెమెరా దగ్గరకు పెట్టుకుని, ఒక్కొక్క ముఖం మీదా వేలు పెట్టి లెక్కపెట్టారు.

"ఏడుగురమూ ఉన్నామండి. ఎవర్నీ పక్కకి జరపలేదు."

సువర్ణరాజు తలొంచుకున్నాడు. ఇంటికెళ్లాక ఆ సాక్సు పారేశాడు. ఇప్పుడు నేను బ్యాగు ముందు అరలో ఉంటున్నాను. ఊరేగింపు ఎదురైతే, అతను ముందు బ్యాండువాళ్లనే తీస్తాడు.