మురాయి నేర్చిన ఈల

కీచురాయి వెనక కాళ్ళు రెండూ తుంచితేగాని మురాయి పిట్టకి వెయ్యకూడదు. తుంచకుండా వేస్తే ఆ కాళ్ళ ముళ్ళు గొంతులో గీరుకుని పాట పాడైపోతుందట. అందుకని మసీదులో తెల్లవారుజాము అజాన్ వినబడకముందే సులస్మి పెరటి గట్టు మీద కూర్చుని, డబ్బాలో చెయ్యి పెట్టి ఒక్కొక్కదాన్నే పట్టుకుని కాళ్ళు తుంచుతుంది. తర్వాత పంజరాల అడుగు కాగితాలు మార్చాలి, నీళ్ళ గిన్నెలు కడగాలి, మురాయికి స్నానం చేయించాలి, లేత ఎండ తగిలేచోట వేలాడదీయాలి, ఎండ ముదరకముందే, చెడ్డ కూతలేవీ వినబడకుండా గుడ్డ కప్పాలి. ఈ మధ్యలోనే అన్నం వార్చాలి, టెంపే సోయా ముక్కలు వేయించాలి, అత్తగారికి అల్లం నీళ్ళు కాచాలి, పిల్లలకి డబ్బాలు కట్టాలి. ఆపైన బడి క్యాంటీన్‌కి పరుగెత్తి మధ్యాహ్నం దాకా నూనె మూకుడు ముందు నిలబడాలి. ఇంటికొచ్చినవాళ్ళెవరైనా అరుగు మీద పంజరాల వరస చూసి, "అబ్బ, ఎంత కళగా ఉన్నాయండీ" అంటే, ఆమె మొగుడు దర్మాంతో తృప్తిగా నవ్వి, "పిట్టలంటే నాకు ప్రాణమండీ" అంటాడు. ప్రాణం ఆయనది, పెంట ఎత్తేది ఈమె.

జావాలో పాతకాలం మాట ఒకటుంది. మగవాడన్నాక ఐదు ఉండాలి: ఇల్లు, ఇల్లాలు, గుర్రం, కత్తి, పిట్ట. సులస్మి కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆ మాట మురిసిపోతూ చెప్పింది. "మావాడికి ఇల్లుంది, నువ్వొచ్చావు. గుర్రం బదులు మోటారుసైకిలుంది. వాళ్ళ తాతగారి కత్తి పెట్టెలో ఉంది. ఇక ఒక్క పిట్టే తక్కువ." అప్పుడు సులస్మి కూడా నవ్వింది. ఇంటికీ గుర్రానికీ మధ్యన తనని కట్టేశారని అర్థం కావడానికి ఆమెకి చాలా ఏళ్ళు పట్టింది. అందులోనూ గుర్రానికి వారానికోరోజు సబ్బుతో స్నానం ఉంది, కత్తికి ఏడాదికోసారి పూలనీళ్ళు ఉన్నాయి, పిట్టకి రోజూ సేవ ఉంది. ఇవన్నీ చేసేది మాత్రం రెండో వరసలో ఉన్నది.

పెళ్ళైన కొత్తలో దర్మాంతో ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు. పిల్లలు పుట్టాక "ఏయ్" అయింది. పిట్టలు వచ్చాక అదీ పోయింది. గట్టిగా అరిస్తే పిట్టలు బెదిరి పాట మానేస్తాయని, అరుగు మీద కూర్చుని ఈల వెయ్యడం మొదలుపెట్టాడు. రెండు పొట్టి కూతలు, చివర ఒక పొడుగు సాగదీత. ఆ ఈల వినబడితే కాఫీ పట్టుకెళ్ళాలి. మొదటిసారి ఆమె రోషంతో, "నేనేమైనా కుక్కనా?" అని అడిగింది. "అరిస్తే నీకు బాధ, అరవకపోతే నీకు బాధ. నీతో ఎలాగే?" అన్నాడాయన. అత్తగారు, "మెల్లగా పిలిచే మొగుడు దొరకడం కూడా అదృష్టమేనమ్మా, మీ మామగారైతే చెంబు విసిరేవారు" అంది. చెంబు కంటే ఈల నయమే కాబట్టి సులస్మి ఊరుకుంది. ఊరుకోవడం కూడా ఒక ఇంటిపనే. దానికీ జీతం లేదు.

ఆ యేడు బడిలో తల్లిదండ్రుల్ని పిలిచి పంతులమ్మ ఒక మాట చెప్పింది. ప్రతి బిడ్డలోనూ ఏదో ఒక ఇష్టం దాగి ఉంటుంది, ఎవరూ చెప్పకుండా వాళ్ళంతట వాళ్ళు ఏం చేస్తారో గమనించండి, దాన్ని పెంచండి అంది. దర్మాంతో అందరికంటే ఎక్కువగా తలూపాడు. తాలూకా ఆఫీసులో పనిచేసే మనిషి కదా, మంచిమాట ఎక్కడ విన్నా తలూపడం అలవాటు. ఇంటికి రాగానే కొడుకు బాయుని పిలిచి భుజం తట్టి, "నీ ఇష్టమేంటో నేను కనిపెట్టాను రా. పిట్టలు. నా రక్తం నీలో ఊరికే పోతుందా?" అని ప్రకటించాడు. బాయుకి పదమూడేళ్ళు. ఈకల ధూళి పడదు. పంజరం దగ్గరికి వెళ్తే చాలు, వరసగా తుమ్ముతాడు, కళ్ళు ఎర్రబడతాయి. "అలవాటైతే అదే పోతుంది" అన్నాడు తండ్రి.

ఇష్టం ఎక్కడుందో చూడ్డానికి కళ్ళక్కర్లేదు, చెవులుంటే చాలు. కూతురు కినాంతికి తొమ్మిదేళ్ళు. బడి నుంచి వచ్చి సంచి ఎక్కడో పడేసి, మురాయి పంజరం కింద పీటేసుకుని కూర్చుంటుంది. నల్లటి వీపు, ఇటుకరంగు పొట్ట, జానెడు తోక ఉన్న ఆ పిట్ట, చుట్టుపక్కల ఏ పాట వింటే దాన్ని తనలో కలుపుకుంటుంది. కినాంతి దానికి కొత్త కూతలు ఏరి తెస్తుంది. వెదురు పొదల్లో పిట్ట గొణుగుడు ఒకరోజు, వడ్రంగిపిట్ట టకటకలు ఒకరోజు నోటితో చేసి వినిపిస్తుంది, అది తల ఒకపక్కకి వంచి వింటుంది. వాన మొదలైతే గిన్నె బోర్లించి ఆ చప్పుడు దగ్గరగా వినిపిస్తుంది. కొన్నాళ్ళకి పిట్ట వానచినుకుల్ని పాటలో పెట్టింది. దర్మాంతో ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు, "మావాడు చూశారా, మురాయి చేత వాన కురిపిస్తున్నాడు!" అని. మావాడంటే బాయు. ఆ పూట బాయు జలుబుతో ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు.

"నాన్నా, వాన నేను నేర్పాను" అంది కినాంతి.

"నువ్వు దగ్గర కూర్చున్నావు, అంతే. పో, నాయనమ్మకి కాళ్ళు పట్టు."

నాయనమ్మ అందుకుంది. "ఆడపిల్ల ఈలేస్తే ఇంట్లోకి పాములొస్తాయే. ఆ మూతి అలా సున్నాలా చుడితే రేపు ఎవడు చేసుకుంటాడు?" రాత్రి గిన్నెలు తోముతూ సులస్మి తనలో అనుకుంది. ఆయన ఈలేస్తే రాని పాము దీనికెందుకొస్తుంది? అడిగితే సమాధానం ఉండదని తెలుసు. సమాధానం లేని ప్రశ్న అడిగిన ఆడదాన్ని ఏమంటారో కూడా తెలుసు.

పిట్టల పాటల పోటీ రోజు ఊరవతల మైదానంలో టెంటు వేశారు. ఇనుప కొక్కేలకి వరసగా పంజరాలు వేలాడుతున్నాయి. తాడు అవతల మగాళ్ళు, తాడు పట్టుకుని గంతులేస్తూ, కేకలేస్తూ, తమ తమ పిట్టల్ని ఎగదోస్తున్నారు. ఆడవాళ్ళు వెనకాల టార్పాలిన్ నీడలో అన్నం డబ్బాలు, థర్మోసులు పెట్టుకుని కూర్చున్నారు. కినాంతి తాడు దగ్గరికి వెళ్తానంటే దర్మాంతో కళ్ళెర్రజేశాడు. "అక్కడ మగాళ్ళుంటారు, మీ అమ్మ దగ్గర కూర్చో." బాయుని మాత్రం జబ్బ పట్టుకుని ముందుకి లాక్కెళ్ళాడు. వాడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

మురాయి మొదలుపెట్టింది. సులస్మికి పాట గురించి ఏమీ తెలియదు. పక్కనున్న కూతురి మొహం తెలుసు. కినాంతి కళ్ళు మూసుకుని గుసగుసగా చెబుతోంది, "ఇప్పుడు వెదురు పిట్ట... ఇప్పుడు వడ్రంగి... ఆగు, వాన వస్తుంది చూడు." వాన వచ్చింది. తాడు దగ్గర కేకలు ఒక్కక్షణం ఆగిపోయాయి. న్యాయనిర్ణేత ఒకాయన వచ్చి ఆ పంజరం కింద చిన్న జెండా గుచ్చాడు. అందరికంటే మంచి పిట్టకి గుచ్చే జెండా అది. కూతురి మొహంలో అంత వెలుగు సులస్మి ఎప్పుడూ చూడలేదు. ఏ పండక్కి కొన్న ఏ గౌనూ ఆ పిల్లకి ఆ మొహం ఇవ్వలేదు.

సరిగ్గా అప్పుడు రెండు పొట్టి కూతలు, చివర ఒక పొడుగు సాగదీత వినబడ్డాయి.

సులస్మి లేచింది. థర్మోసు తీసింది, కప్పులో కాఫీ వంపింది, మనుషుల్ని తప్పించుకుంటూ తాడు దాకా నడిచింది. దర్మాంతో వెనక్కి తిరిగి, "ఇప్పుడు కాఫీ ఎవరడిగారే?" అన్నాడు. అంతలో పంజరంలోంచి పిట్ట అదే ఈల రెండోసారి వేసింది. కప్పు పట్టుకున్న ఆమె చెయ్యి దానంతటదే ముందుకు సాగింది.

ముందు పక్కనున్నవాడికి అర్థమైంది. "దర్మాంతో గారూ! మీ ఆవిడ కాఫీ తెచ్చింది మీకు కాదండీ, పిట్టకి!" అని విరగబడ్డాడు. ఇంకొకడు, "పిట్టకే మొగుడి హోదా కట్టబెట్టినట్టున్నారు, ఎంత బుద్ధిగా వచ్చిందో!" అన్నాడు. మైదానం మొత్తం గొల్లుమంది. ఆ గోలకి హుషారెక్కి మురాయి మిగతా పాటలన్నీ వదిలేసి అదే ఈల మళ్ళీ మళ్ళీ వేసింది. న్యాయనిర్ణేత నవ్వు ఆపుకుంటూ వచ్చి జెండా పీక్కుపోయాడు.

సాయంత్రం ఇంట్లో దర్మాంతో ఈల వెయ్యలేదు. పిట్టల సంగతి మరిచిపోయి నిజంగానే అరిచాడు. అయితే ఆయన కోపం ఈల మీద కాదు, ఆ ఈల ఎవరిదన్నదాని మీద అసలే కాదు. "రోజూ దాని కింద కూర్చుని పిచ్చిపిచ్చి కూతలు నేర్పింది ఈ పిల్ల! బంగారంలాంటి పిట్టని నాశనం చేసింది! రేపు పొద్దున్నే సంతకి పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను. ఇకమీదట పంజరాల ఛాయలకి వస్తే కాళ్ళు విరగ్గొడతాను. సెలవుల్లో మా అక్కయ్య దగ్గరికి పంపిస్తా, కుట్టుపని నేర్చుకుంటుంది, బుద్ధైనా వస్తుంది."

"నేను నేర్పలేదు నాన్నా. అది రోజూ విన్నది నేర్చుకుంది" అంది కినాంతి. ఏడవకుండా అంది.

"ఎదురు మాటలు చూశావా!" అంది నాయనమ్మ. "తల్లి చలవ."

తల్లి చలవట. సులస్మి వంటింట్లోకి వెళ్ళి మిరపకాయలు రోట్లో వేసి నూరడం మొదలుపెట్టింది. అంతమంది మగాళ్ళ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కాసేపటికి ఆ సిగ్గు తనకెందుకని కూడా అనిపించింది. ఈలేసినవాడు సిగ్గుపడలేదు. పడి పడి నవ్వినవాళ్ళు తమ ఇళ్ళల్లో ఏం వేస్తారో, ఈలో, చిటికో, చప్పట్లో, వాళ్ళూ సిగ్గుపడలేదు. లేచినందుకు తనొక్కతే సిగ్గుపడాలా?

కినాంతి వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, అక్కడ నువ్వొక్కదానివే లేచావనుకుంటున్నావు కదూ?"

"ఇప్పుడెందుకులే ఆ సంగతి."

"నేనూ లేచాను. నీ వెనకాలే. చక్కెర డబ్బా తీసుకుని. ఎందుకు లేచానో నాకు తెలీదమ్మా. ఆ ఈల పిట్టదని నాకు తెలుసు, అయినా లేచాను."

సులస్మి చేతిలో పొత్రం ఆగిపోయింది. అలా లేవడం అలవాటవడానికి తనకి పదిహేనేళ్ళ కాపురం పట్టింది. ఈ పిల్లకి తొమ్మిదేళ్ళు కూడా నిండీనిండకుండానే ఆ అలవాటు వచ్చేసింది. పిట్ట కూతలన్నీ వేరుచేసి చెప్పగల చెవులు, వాన చప్పుడుని పాటగా వినగల చెవులు, ఆ చెవులకి ఈ ఇల్లు అన్నిటికంటే బాగా నేర్పిన పాఠం ఇదన్నమాట. పిట్టకి పెట్టినంత జాగ్రత్త కూడా పిల్లకి పెట్టలేదు. పిట్టకి చెడ్డ కూత అంటకుండా గుడ్డయినా కప్పారు. ఆమెకి కడుపు మండిపోయింది. మొగుడి మీద, అత్తగారి మీద, అందరికంటే ఎక్కువగా ఇన్నేళ్ళు అణకువనుకుని తను మోసిన దాని మీద మండిపోయింది.

"కినాంతీ, ఇలా చూడు. నీకేం కావాలి?"

ఆ పిల్ల అనుమానంగా చూసింది. ఏ పని చెప్పడానికి అడుగుతోందో అర్థంకాలేదు.

"పనికోసం అడగడంలేదు. ఊరికే చెప్పు. నీకేం కావాలి?"

"మురాయి కావాలి. దాని పక్కన తాడు దగ్గర నేను నిలబడాలి. వడ్రంగిపిట్ట కూత ఇంకా సరిగ్గా రాలేదు, అది నేర్పాలి." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. కొండ మీద అడవిలో మురాయిలు తమంతట తాము ఎలా పాడతాయో వినాలంది. పెద్దయ్యాక పిట్టల భాషలన్నీ చదివే బడి ఉంటే అందులో చేరాలంది. అలాంటి బడి ఉంటుందా అని అడిగింది. "తెలీదు. కనుక్కుందాం" అంది సులస్మి.

ఆమె చేతులు కడుక్కుని అరుగు మీదికి వెళ్ళింది. దర్మాంతో వాలుకుర్చీలో కూర్చుని, పొద్దున్నే మురాయిని తీసుకెళ్తానని ఫోనులో ఎవరికో చెబుతున్నాడు. ఆమె ఎత్తుపీట వేసుకుని ఎక్కి, కొక్కెం నుంచి మురాయి పంజరం దించింది. పంజరం మోసుకుంటూ సులస్మి ఇంట్లోంచి పెరట్లోకి వెళ్ళి, కినాంతి చదువుకునే కిటికీ దగ్గర కొత్త మేకు కొట్టి తగిలించింది. సుత్తి చప్పుడుకి దర్మాంతో ఫోను పెట్టేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటే ఇది? మతి పోయిందా? రేపు దాన్ని ఇచ్చెయ్యాలి!"

"ఇవ్వడం లేదు. ఇది కినాంతిది. వచ్చే పోటీకి దాని పేరు మీద వెళ్తుంది. తాడు దగ్గర అది నిలబడుతుంది, పక్కన నేను నిలబడతాను. బాయుని వదిలెయ్యండి, వాడికి ఊపిరాడటం లేదు. మిగతా పంజరాలు మీవి. మీకు ప్రాణం కదా, రేపట్నించి మీరే చూసుకోండి."

"డబ్బు పోసి కొన్నది నేను! ఎవర్ని అడిగి తీశావు?"

సులస్మి సుత్తి కింద పెట్టింది.

"కినాంతిని అడిగాను. ఈ ఇంట్లో ఒక ఆడదాన్ని నీకేం కావాలి అని అడగడం ఇదే మొదలు."