పసుపు వైరు

కారు మా ఇద్దరిదీ. నేనూ మా తోడల్లుడూ కలిసి కొన్నాం. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అతను కిరాయికి తిప్పేవాడు. రెండింటికి ఇంటికి వెళ్లి, నూనె మిల్లు గోడ పక్కన బండి పెట్టి, తిని, ఒక కునుకు తీసి, అయిదింటికి నా షాపు దగ్గరికి తెచ్చేవాడు. అప్పటికి నేను పని ముగించి చేతులు కడుక్కుంటూ ఉండేవాణ్ణి. అక్కణ్ణుంచి బండి నాది.

నాది మోటారు వైండింగ్ పని. కాలిపోయిన మోటారు తెస్తే పాత తీగ పీకి కొత్తది చుట్టి ఇస్తాను. నోటితో పెద్దగా పని లేదు కాబట్టి నాకు కుదిరింది. తోడల్లుడిది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. బండెక్కినవాళ్లు దిగేలోపు వాళ్ల తాత ఏం చేసేవాడో కూడా కనుక్కుంటాడు. మమ్మల్నిద్దర్నీ ఒక గిన్నెలో వేసి కలిపి సగం సగం పంచితే, అక్కాచెల్లెళ్లకు చెరో మామూలు మొగుడు దొరికేవాడని మా ఆవిడ అనేది.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళ, ఎడమవైపు వెనక తలుపుకు సొట్ట పడింది. ఇంకో నెలకు బంపరు గీసుకుపోయింది. రెండుసార్లూ అతను ఒకే మాట చెప్పాడు. పెట్టినప్పుడు బాగానే ఉంది, నిద్ర లేచి చూసేసరికి ఇలా ఉంది. మిల్లుకొచ్చే బళ్లు ఆ సందులోనే వెనక్కి తిరుగుతాయి, నిజమే. కానీ బండి నడుపుతూ వెనక సీటు వైపు తిరిగి కబుర్లు చెప్పడం కూడా నేను చూశాను. నేనేమీ అనలేదు. నేను అనకపోతే నమ్మినట్టని అతను అనుకున్నాడు.

ఒక ఆదివారం కెమెరాలు తెచ్చాను. ముందు అద్దానికి ఒకటి, వెనక అద్దానికి ఒకటి. బండి ఆపి తాళం తీసినా ఇది నిద్రపోదని, ఆగి ఉన్నంతసేపూ బొమ్మ పట్టుకుంటూనే ఉంటుందని కొట్టువాడు చెప్పాడు. బిగించడానికి మనిషిని పంపుతానంటే వద్దన్నాను. ఇరవయ్యేళ్లుగా వైర్ల మధ్య బతుకుతున్నవాణ్ణి, దీనికి ఇంకొకడెందుకు?

పని శుభ్రంగానే చేశాను. ముందు కెమెరా వైరును పైకప్పు గుడ్డ అంచులోకి వేలితో నొక్కి దాచాను. అద్దం పక్క ప్లాస్టిక్ పట్టీని విరగకుండా ఊడదీసి దాని వెనక నుంచి కిందికి దించాను. వెనక కెమెరా వైరును తలుపుల రబ్బరు కింద నుంచి పంపి, డిక్కీ మూత దగ్గర రబ్బరు గొట్టంలోంచి లాగాను. మూత తెరిచినా మూసినా నలగకూడదని అక్కడ కాస్త వదులు ఉంచాను. తోడల్లుడు టార్చి పట్టుకుని పక్కన కూర్చున్నాడు. కాసేపు ఊరుకున్నాడు. అదే గొప్ప.

"అన్నయ్యా, ఇది బయటి దొంగ కోసమా, ఇంటి దొంగ కోసమా?"

అని తనే నవ్వాడు. నా తల డ్యాష్‌బోర్డు కింద ఉంది కాబట్టి జవాబు చెప్పే అవసరం పడలేదు.

ఫ్యూజు పెట్టె దగ్గర మూడు వైర్లు మిగిలాయి. నలుపు, ఎరుపు, పసుపు. నలుపును బండి ఇనుముకు బోల్టుతో బిగించాను. బల్బు పెట్టి చూస్తే ఒక ఫ్యూజులో కరెంటు ఎప్పుడూ ఉంది, ఇంకోదాంట్లో తాళం తిప్పితేనే వస్తోంది. నా పనిలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే. ఒకటి పెద్దదీ కాదు, ఒకటి చిన్నదీ కాదు. రెండు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, మార్చి బిగిస్తే ముందుకు తిరుగుతుంది. అందుకే పెద్దగా ఆలోచించకుండా ఎరుపును ఎప్పుడూ కరెంటు ఉండే చోట, పసుపును తాళంతో వచ్చే చోట పెట్టాను. పెట్టెలో మడిచి పెట్టిన కాగితం విప్పలేదు. తాళం తిప్పాను. రెండు కెమెరాలకూ దీపం వెలిగింది, బొమ్మ వచ్చింది. మోటారు తిరిగితే పని అయిపోయినట్టే నాకు. సామాను సర్దేశాను.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు అయిదింటికి బండి వచ్చేసరికి కుడివైపు వెనక లైటు పగిలి ఉంది. అతను ముందే దిగి నా దగ్గరికి వచ్చాడు, ఎలా పగిలిందో తెలియదన్నాడు. కెమెరా ఉందిగా అన్నయ్యా, చూడు అని కూడా అన్నాడు. ఆ మాటే నేను సరిగా వినాల్సింది.

కెమెరాలోంచి కార్డు తీసి షాపులో కంప్యూటరుకు పెట్టాను. నాకు కావలసింది బొమ్మ, అందుకని చప్పుడు తగ్గించేశాను. రెండూ అయిదు నిమిషాలకు బండి గోడ పక్కన మెత్తగా ఆగింది. దేనికీ తగల్లేదు. ఆ తర్వాతి బొమ్మ నాలుగూ యాభైది. బండి కదులుతుంటే వెనక నేల మీద ఎర్ర ముక్కలు కనపడ్డాయి. మధ్యలో ఏమీ లేదు. దాదాపు మూడు గంటలు కెమెరా కళ్లు మూసుకుంది. దానంతట అది మూసుకోదు. తాళం ఉన్నది అతని దగ్గర.

నేను మాటలు పొదుపుగా వాడే మనిషిని. ఆ రోజూ రెండే వాడాను.

"వైరు పీకి బండి తీశావు. కొట్టుకున్నాక మళ్లీ పెట్టావు."

అతను ఏదో హాస్యమాడతాడనుకున్నాను. గుత్తిలోంచి తన ఇంటి తాళం విడదీసుకుని, బండి తాళం వైండింగ్ మిషను మీద పెట్టి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు. కార్డును సాక్ష్యంగా కాగితంలో చుట్టి బీరువాలో పెట్టి, కెమెరాలో కొత్తది వేశాను. అతను ఐసు ఫ్యాక్టరీలో వ్యాను డ్రైవరుగా చేరాడు. మా మరదలు అక్క దగ్గరికి వచ్చేది గానీ, నేనున్న గదిలోకి వచ్చేది కాదు. మా ఆవిడ కంచం పెట్టే చప్పుడు మారింది.

ఏడు నెలల తర్వాత, రిటైరైన పోస్టుమాస్టరు తన కారు తెచ్చి, నా బండికి ఉన్నట్టే తనకూ కెమెరా పెట్టమన్నాడు. ఆయనకు ఏ కాగితమైనా పైనుంచి కిందిదాకా చదవందే నిద్రపట్టదు. నేను ఫ్యూజు పెట్టె దగ్గర ఉండగా కళ్లద్దాలు పెట్టుకుని గట్టిగా చదివాడు. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు, ఎరుపు వైరు తాళం తిప్పితే వచ్చేదానికి. తారుమారైతే బండి నడిచేటప్పుడు తేడా తెలియదు, కానీ ఆపగానే కెమెరా ఆరిపోతుంది.

"ఏమయ్యా, చెయ్యి ఆగింది? షాకేమైనా కొట్టిందా?"

లేదన్నాను. ఆయన పని పూర్తిచేసి పంపి, నా బండిలో ఆ రెండు వైర్లూ మార్చాను. తాళం తీశాను. ఆకుపచ్చ దీపం ఆరలేదు.

బీరువాలోంచి పాత కార్డు తీశాను. ఆ రోజుకు ముందువి మరో నాలుగు రోజుల బొమ్మలు దాంట్లో ఉన్నాయి. నాలుగు రోజులూ అంతే. రెండు తర్వాత ఖాళీ, మళ్లీ అయిదుకు ముందు బొమ్మ. నేను నడిపిన పూట కూడా, ఇంటి ముందు బండి ఆపగానే ఖాళీ. ఆనాడు ఒక్క ముందురోజు తిరగేసినా తెలిసేది. నేను తప్పు కోసం వెతికాను కాబట్టి, ఎక్కడుంటుందని అనుకున్నానో అక్కడే చూశాను. ఈసారి చప్పుడు కూడా పెట్టాను. పగిలిన రోజు పొద్దున ఎవరో పెద్దావిడ ఎక్కింది. కెమెరా గురించి అడిగింది. అతని గొంతు వినపడింది.

"వైరింగంతా మా అన్నయ్యే చేశాడండీ. ఎక్కడైనా ఒక్క వైరు కనపడుతుందేమో వెతకండి. కనపడితే మీ దగ్గర కిరాయి తీసుకోను."

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన మరదలు రండి బావా అనలేదు, పక్కకు తప్పుకుంది. అతను బనీనుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. వైర్లు నేనే తారుమారు చేశానని, కెమెరా దానంతట అదే ఆరిపోయిందని, అతను పీకలేదని. లైటు ఎవరు పగలగొట్టారో నాకు ఇప్పటికీ తెలియదని, ఇక తెలియదని. జేబులోంచి తాళం తీసి మంచం మీద పెట్టాను.

అతను దాన్ని ముట్టుకోలేదు. మరదలితో మంచినీళ్లు ఇమ్మన్నాడు. నేను తాగాక అన్నాడు.

"ఆ రోజు నువ్వు నన్ను అడగలేదన్నయ్యా. చెప్పావు. అడిగి ఉంటే తిట్టుకునేవాళ్లం, సరిపోయేది."

తాళం తిరిగి తీసుకున్నాను. గుమ్మం దాటుతుంటే, ఐసు వ్యానుకు కూడా కెమెరా పెట్టించాలని వాళ్ల ఓనరు అంటున్నాడని, వీలైతే వచ్చి పెట్టమని చెప్పాడు. ఈసారి కాగితం చదివి పెట్టు అన్నాడు. మరదలు నవ్వు ఆపుకుంది. అతను నవ్వలేదు.

ఆదివారం వెళ్లాను. కాగితం రెండుసార్లు చదివాను. అతను ఫ్యాక్టరీ ఆఫీసులో వాచ్‌మన్‌తో మాట్లాడుతూ కూర్చున్నాడు. గొంతు నాకు వినపడుతూనే ఉంది, ఎవరి తాత సంగతో అడుగుతున్నాడు. డ్యాష్‌బోర్డు కింద చీకటిగా ఉంటే, టార్చి పళ్ల మధ్య పట్టుకుని పసుపు వైరు బిగించాను.