పిల్లల ప్యాక్ తీయించిన రోజు

కుట్టుషాపులో కూర్చున్నంతసేపూ కుంతలకు ఒక చెవి మిషను మీద, ఇంకో చెవి వీధికి అవతల ఉన్న తమ ఇంటి కిటికీ మీద ఉండేది. సంబల్‌పూర్ ఎండలకు బడులు మూసేశారు. మూడో అంతస్తు గదిలో ఆరేళ్ల లూనీ ఒక్కతే. బొమ్మల ఛానెల్ గోల కిటికీలోంచి వినబడుతున్నంతసేపూ పిల్ల క్షేమమేనని తల్లికి ధైర్యం.

ఆ బొమ్మల ఛానెళ్ళకని నెలనెలా విడిగా డబ్బు కట్టే పిల్లల ప్యాక్ దగ్గరే మొగుడూ పెళ్ళాలకు రగడ. "మామూలు ఛానెళ్ళు చాలవా? పైన ఈ దండగొకటా?" అనేవాడు నిరాకార్. "దండగైతే పని మానేసి నువ్వు కూర్చో పిల్లతో" అనేది ఆమె.

ఆ మధ్యాహ్నం కిటికీలోంచి చప్పుడు రాలేదు. నిద్రపోయిందేమో అనుకుంది. ఇంట్లో పిల్ల దగ్గర ఉంచిన ఫోన్‌కు చేస్తే మోగి మోగి ఆగింది. కుడుతున్న రవిక అలాగే వదిలేసి కుంతల వీధి దాటింది.

తలుపు బార్లా తెరిచి ఉంది. నీళ్ళలో నానేసిన పఖాళ చద్దన్నం గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంది. టీవీలో బొమ్మ లేదు, అక్షరాలున్నాయి. ఈ ఛానెల్ మీ ప్యాక్‌లో లేదట. మొగుడు చెప్పకుండా తీయించేశాడన్నమాట.

"లూనీ!"

స్నానాలగదిలో లేదు. మంచం కింద లేదు. కింది వాటాలో ఉండే పెద్దావిడ మావుసీ తల బయటపెట్టి, "కిందికి రాలేదమ్మా, నేను మెట్ల దగ్గరే కూర్చున్నా కదా" అంది.

ఇక మిగిలింది మేడ. కుంతల పై మెట్లెక్కి పరుగెత్తింది.

లూనీ పిట్టగోడ ఎక్కి, డిష్ కమ్మీ పట్టుకుని బయటికి వంగి ఉంది. గాలివాన వెలిసినప్పుడల్లా తండ్రి ఆ డిష్‌ను సరిచేయడం చూసిందే మరి.

అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. గొంతుదాకా వచ్చిన కేకను తల్లి మింగేసింది.

"ఏం చేస్తున్నావే బంగారం?"

"బొమ్మ రావట్లేదమ్మా. నాన్నలా తిప్పుతున్నా. నువ్వు కిందికెళ్ళి వచ్చిందో లేదో చెప్పు."

"వచ్చేసిందే తల్లీ, చూసే వచ్చా. ఇక తిప్పకు, మళ్ళీ పోతుంది. అట్లాగే పట్టుకో."

"నిజంగా?"

"నిజంగా."

కాలిపోతున్న సిమెంటు మీద ఒట్టి కాళ్ళతో అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళింది. పిల్ల సంబరంగా ఇటు తిరగబోయింది. పాదం జారింది. కుంతల చేతికి జబ్బ దొరికింది. లాగిన ఊపుకు ఇద్దరూ మేడ మీద పడ్డారు.

"నొప్పే అమ్మా, వదులు" అని లూనీ ఏడ్చింది. ఆమె వదల్లేదు. కిందికొచ్చి తెర చూశాక "అబద్ధం చెప్పావు" అని పిల్ల ఇంకా ఏడ్చింది.

సాయంత్రం సంగతి విని నిరాకార్ ఫోన్ తీశాడు. "ఇప్పుడే వేయిస్తా ఆ ప్యాక్."

"వద్దు" అంది కుంతల. "కరెంటు పోయినా ఇదే జరిగేది. పిల్లని టీవీకి అప్పగించి నిశ్చింతగా కూర్చున్నా చూడు, నన్ననాలి."

"మరి రేపు?"

"నాతో షాపుకొస్తుంది. షాపు మాస్టారు సణిగితే సణగనీ."

అతను లేచి మేడ తలుపుకు తాళం కొనడానికి వెళ్ళాడు.

మర్నాడు లూనీ మిషను పక్కన గుడ్డపీలికలతో ఆడుకుంది. కుంతల మాత్రం నాలుగు కుట్లు వేసి, చెయ్యి కిందికి జాపి, పిల్ల తల తడిమి చూసుకుంటూనే ఉంది.