వెనక మంచం కాడి నీడ

పొద్దున లేస్తూనే వసంతకుమార్ చేసే మొదటి పని ఇల్లుబండి కడగడం. దాని అసలు పేరు క్యారవాన్. జమ్మలమడుగు గోపీనాథ్ పాత మినీబస్సులో సీట్లన్నీ పీకించి, రెండు మంచాలు, ఒక బీరువా, ఒక స్టవ్వు, మనిషి తిరగడానికి కూడా చోటులేని ఒక బాత్రూము పెట్టించి, గండికోట చూడ్డానికి వచ్చేవాళ్లకు అద్దెకు ఇస్తుంటాడు. క్యారవాన్ అనడానికి నోరు తిరగనివాళ్లు ఇల్లుబండి అంటారు. వసంతకుమార్ దానికి డ్రైవరు, కాపలాదారు, అన్నీ. నీళ్ల ట్యాంకు నింపుతాడు, దుప్పట్లు దులిపి ఎండలో వేస్తాడు, అద్దాలు తుడుస్తాడు. వెనక మంచం కాడికి వచ్చేసరికి మాత్రం ఎక్కడలేని తొందర పుడుతుంది. అక్కడ చీపురు ఆడించానంటే ఆడించాననిపించి బయటపడతాడు.

వెనకవైపు చీకటిగా ఉందని వచ్చినవాళ్లంతా గొణగడం మొదలుపెట్టారు. పాత పసుపు బల్బులు, అంతకంటే ఏం వెలుగుతాయి పాపం! గోపీనాథ్ విసుగెత్తి ఎల్‌ఈడీ లైట్లు తెప్పించి, బండ్లకు కరెంటు పని చేసే ప్రేమయ్యను పంపించాడు.

ప్రేమయ్యకు చేతులకంటే నోరు ముందు పనిచేస్తుంది. కొత్త లైట్లు బిగించి స్విచ్చి వేస్తే సగం వెలిగాయి, సగం వెలగలేదు.

"పాత బల్బుకు ప్లస్సు, మైనస్సు ఎట్ల తగిలించినా ఒకటేనప్పా. ఇవి కొత్తల్లుళ్ల మాదిరి. మర్యాదలో రవ్వంత తేడా వస్తే మొగం తిప్పుకుంటాయి," అంటూ వైర్లు మార్చి తగిలించాడు. అన్నీ వెలిగాయి. ఇంజను స్టార్ట్ చేస్తే ఒకటి రెప్పలు కొట్టసాగింది. తుప్పు పట్టిన ఎర్తు స్క్రూ విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ బిగించాడు. అదీ కుదురుకుంది. బండి లోపలంతా పట్టపగలైంది, ఒక్క వెనక మంచం కాడ తప్ప.

అక్కడి లైటు వెలగక కాదు. దాని గింజల్లాంటి చిన్న బల్బులు కండ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. వెలుతురే కిందికి దిగడం లేదు. మీటరు పెట్టి చూస్తే కరెంటు సరిగ్గానే వస్తోంది. ఆ లైటు విప్పి ముందరికి తెస్తే భేషుగ్గా ఉంది. ముందరిది తీసుకుపోయి వెనక పెడితే అదీ అంతే. ప్రేమయ్య కర్టెన్లు మూసేసి, ఒక లైటును చేత్తో పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని పరకాయించి చూశాడు. నేల మీద మొదలై బీరువా తలుపు మీదికి లేచిన ఆడమనిషి నీడ. చేతులు రెండూ ముందుకు చాచి, కొంగు దులిపి చూపిస్తున్నట్టు నిలబడి ఉంది.

"ఓ, ఇదా సంగతి!" అని ప్రేమయ్య స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. "లైటు తప్పేం లేదప్పా. నీడ పడిపోయిండాది ఈడ. ఆ మధ్య ఒక పెండ్లి బస్సులో కూడా ఇట్లే ఉన్నింది. మనిషి తల ఎత్తుకోలేనంత అవమానం జరిగిన తావులో అతుక్కుంటాది. దీనికి నా దగ్గర స్పానరు లేదు. ఎవరిదో వాళ్లే వచ్చి తీసుకోవాల. ఎవరిదప్పా ఇది?"

"ఏమో, నాకేం తెలుసు?" అన్నాడు వసంతకుమార్. అవసరం లేకపోయినా బకెట్టు తీసుకుని బయటికి పోయాడు.

తెలియకేం, బాగా తెలుసు! కిందటి ఎండాకాలం ఉరుకుందమ్మ అని కోసిగి మనిషి ఈ బండిలో పనికి ఉండేది. ఊళ్లో వానల్లేక ఇంత దూరం వచ్చింది. ఒకనాడు బండి అద్దెకు తీసుకున్నవాళ్ల గొలుసు కనబడలేదు. అందరూ వసంతకుమార్ వైపు చూశారు. ఆ చూపులు తన మీద నిలవకముందే అతను ఉరుకుందమ్మను పిలిచి, వెనక మంచం కాడ నిలబెట్టి, సంచి బోర్లించమన్నాడు. బోర్లించింది. కొంగు దులపమన్నాడు. దులిపింది. "సరిగ్గా దులుపు," అన్నాడు, అందరూ చూస్తుండగా. ఏమీ రాలలేదు. ఆమె సంచి ఎత్తుకుని మండే ఎండలో రోడ్డు పట్టుకుని పోయింది. ఆమె వెంట నీడ పోలేదు. అది చూసి కూడా వసంతకుమార్ నోరు మెదపలేదు.

తర్వాత పరుపు ఎండబెట్టడానికి ఎత్తితే మంచం చెక్క సందులో గొలుసు మెరిసింది. అది చేరాల్సినవాళ్లకు చేరింది. ఉరుకుందమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె నంబరు వసంతకుమార్ దగ్గరుంది. ఎన్నిసార్లు నొక్కాడో, మోగకముందే అన్నిసార్లు కట్ చేశాడు. ఏ మొగం పెట్టుకుని మాట్లాడాలి? సిగ్గుతో చచ్చిపోయేవాడు. దినాలు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

ప్రేమయ్య చెప్పింది విని, నీడ మీద కార్పెట్టు వేసెయ్యమన్నాడు గోపీనాథ్. వేస్తే నీడ కార్పెట్టు మీదికి వచ్చింది.

ఆ వారంలోనే కడప నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్లలో జీవమ్మ అనే ముసలామె వెనక మంచం తనకే కావాలంది. సాయంత్రం కండ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, సంగటి ముద్ద చేతిలోకి తీసుకోబోతూ బీరువా వైపు చూసింది.

"ఏమబ్బయా, ఈ ఆడకూతురు ఎప్పట్నుంచి ఇట్ల నిలబడుకోనుండాది?"

"ఏడాదవుతాందవ్వా," అన్నాడు వసంతకుమార్. ఈసారి అబద్ధం నోటికి రాలేదు.

"అయ్యో తల్లీ! చేతులు ఎంత నొప్పి పుడతాంటాయో. దులపమన్నోళ్లు 'చాల్లే, దించు' అనకుండానే పోయినారా? ఎట్లాంటి మనుషులప్పా!"

ముసలామెకు తెలిసి అన్న మాట కాదు. అయినా వసంతకుమార్ ఆ పూట తినకుండానే లేచిపోయాడు. జీవమ్మ వాళ్లు పోయిన మర్నాడే, బండిలో ఒక రిపేరు మిగిలిందని గోపీనాథ్‌కు చెప్పి బండితోనే బయల్దేరాడు. తాడిపత్రి, గుత్తి, ఆదోని దాటి కోసిగి చేరేసరికి మధ్యాన్నం దాటింది. దారి పొడుగునా వెనక్కి తిరిగిపోదామనే అనిపించింది.

టీ అంగడి కాడ ఆమె ఇల్లు అడిగాడు. కూలోళ్లను లారీలో గుంటూరు దిక్కు మిరప కోతకు తీసుకుపోయే మేస్త్రీ తిమ్మన్న అక్కడే ఉన్నాడు.

"నీడలేనామెనా? ఆమెతో నీకేం పనప్పా? నేనైతే పనికి పిలిచేదే లేదు. యాడో ఏందో చేసింటాది, లేకపోతే నీడ ఊరికే పోతాదా?"

అప్పటిదాకా వసంతకుమార్ తన సిగ్గు ఒక్కటే చూసుకున్నాడు. ఆమె ఏడాదిగా ఈ నింద మోస్తోందని ఇప్పుడే తెలిసింది.

ఉరుకుందమ్మ వాకిట్లో కంది పుల్లలు కట్ట కడుతోంది. బండిని చూసి లేచి నిలబడింది. ఆమె కాళ్ల కింద ఎండ తప్ప ఏమీ లేదు.

"అక్కా, ఒక్క నిమిషం బండి లోపలికి రాక్కా, మాట్లాడాల," అన్నాడు గొంతు తగ్గించి.

"ఆ పొద్దు అందరి ముందర దులిపిచ్చి, ఈ పొద్దు చాటుకు పిలుస్తాండావా? చెప్పేదేందో ఈడే చెప్పు."

వీధిలో జనం చేరారు. బండి వెంటే వచ్చిన తిమ్మన్న కూడా వాళ్లలో ఉన్నాడు. వసంతకుమార్ వాకిటి నడుమకు వచ్చి నిలబడ్డాడు. మాటలు ఒక్కొక్కటే బయటికి తీశాడు.

"గొలుసు దొరికిందక్కా. మంచం సందులో. నువ్వు పోయిన మూడో దినమే దొరికింది. వినండప్పా, ఈయమ్మ ఏం తీయలేదు. నా మీదికి వస్తాదని భయపడి ఈయమ్మను నిలబెట్టినా. దొరికినాక కూడా చెప్పలేదు. తప్పు నాది."

"మూడో దినమే?" అంది ఉరుకుందమ్మ. "మూడో దినమే తెలుసా నీకు?"

అతను తల ఊపాడు. కండ్లెత్తే ధైర్యం లేదు. ఆమె అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేదనుకున్నాడు. ఆమె బండెక్కి వెనక్కి పోయింది. బయట జనమంతా కిటికీల దిక్కు మెడలు చాచారు. కాసేపటికి వెనక కిటికీలో తెల్లని వెలుతురు భగ్గుమంది.

ఉరుకుందమ్మ మెట్లు దిగింది. నీడ ఆమె కాళ్లకు అతుక్కునే ఉంది గానీ, ఆమె చేతులు కిందికి వేలాడుతుంటే దాని చేతులు మాత్రం ఇంకా ముందుకే చాచి ఉన్నాయి. ఆమె దాన్ని చూసుకుని ఏం చేయాలో తెలియక నిలబడిపోయింది.

వసంతకుమార్‌కు జీవమ్మ మాట గుర్తొచ్చింది.

"చాలక్కా," అన్నాడు. ఏడుపు ఆగలేదు. "చాల్లే. దించు."

నీడ మెల్లగా చేతులు దించింది. ఉరుకుందమ్మ మొగం కొంగులో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తిమ్మన్న గొంతు సవరించుకున్నాడు. "సోమవారం లారీ పోతాది ఉరుకుందమ్మా. వచ్చేట్లుంటే రామ్మా."

వసంతకుమార్ బండెక్కబోతుంటే ఎవరో కేకేశారు. "ఏమప్పా, నీది ఈడే పడిపోయిండాది!"

తిరిగి చూశాడు. ఆమె వాకిట్లో అతని నీడ తల దించుకుని నిలబడి ఉంది. అతను కదిలినా అది కదల్లేదు.

"ఉండనీలే. నేను చూసుకుంటా," అంది ఉరుకుందమ్మ.

ఆ తర్వాత గండికోటలో నీడలేని డ్రైవరును చూసి కొందరు బండి ఎక్కకుండానే పోయారు. యాడ పోయిందని అడిగినవాళ్లకు కోసిగిలో ఉండాదని చెప్పేవాడు. ఎందుకని అడిగితే అదీ చెప్పేవాడు. మొదట్లో ప్రతిసారీ ప్రాణం పోయినట్టుండేది.

ఉగాది దాటినాక ఒక పొద్దున, దుప్పట్లు దులుపుతుంటే ఫోను మోగింది. తను ఎన్నోసార్లు నొక్కి కట్ చేసిన నంబరే. ఈసారి కట్ చేయలేదు.

"మిరపకాయల పని అయిపాయ. నిన్న ఇల్లు చేరినాము," అంది ఉరుకుందమ్మ. "నీది ఈ పొద్దు తల ఎత్తిండాది. వచ్చి తీసుకపో."