ఏడు గదుల్లో ఉప్పురాళ్ళు

నేను ఒక మందుల డబ్బాను. రోజుకొకటి చొప్పున ఏడు గదులున్న నాలో ఆ శుక్రవారం పొద్దున మాత్రలకు బదులు ఉప్పురాళ్ళు బయటపడ్డాయి.

కొత్త వారానికి మాత్రలు నింపుదామని మూత తెరిచిన ఆండాళమ్మగారు నన్ను వెలుతురులోకి ఎత్తి చూశారు. "ఏవండీ! ఈ ఉప్పేమిటి?"

ఆమె భర్త వరదాచార్యులుగారు గుడిలో వంటస్వామి. కండువా సర్దుకుంటూ, "చీమలు పట్టకుండా వేశానే," అన్నారు.

"మాత్రలకి చీమలా? బెల్లమనుకున్నారా?"

నాకు ముఖం దాచుకోవాలనిపించింది. నిజం నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు, ఉన్నవి ఏడు మూతలు.

ప్లాస్టిక్ అచ్చులో పుట్టి, మందుల షాపులో దుమ్ము పట్టి, మూడు నెలల క్రితం ఈ ఇంటికి వచ్చాను. ఆచార్యులుగారికి మతిమరుపు మొదలైందని, రక్తంలో బీ12 కూడా తక్కువగా ఉందని డాక్టరు చెప్పారట. మాత్రలు, నడక, ఆకుకూరలు, వేళకు నిద్ర, చేసిన పని అప్పటికప్పుడు రాసుకోవడం. అన్నిటికీ ఆయన తలూపారు. నడకకు మాత్రం పూలసజ్జ పట్టుకుని వెళ్ళేవారు, చూసినవాళ్ళు పూలకోసమనుకోవాలని. నన్ను రొంటిన దోపుకునేవారు. ముప్పై ఏళ్ళుగా కొలతలన్నీ తలలోనే ఉంచుకున్న మనిషికి కాగితం పట్టుకుంటే పరువు పోతుందని భయం. మనుషులు జబ్బు కంటే దాని డబ్బాను చూసే ఎక్కువ సిగ్గుపడతారు.

గత శనివారం పులిహోర ఉప్పుకషాయమైంది. నైవేద్యం పెట్టకముందు రుచి చూడకూడదు కాబట్టి, తప్పు భక్తుల నోట్లోనే బయటపడింది. ధర్మకర్త నిలదీస్తే ఆచార్యులుగారు నేల చూశారు. పదిహేనేళ్ళుగా ఆయన పక్కన పనిచేస్తున్న పెరుమాళ్ళుదే తప్పనుకుని, ధర్మకర్త అతన్ని "రేపట్నుంచి రావద్దు" అనేశారు. ఆచార్యులుగారు నన్ను రొంటిలోకి ఇంకాస్త లోపలికి దోపుకున్నారు.

మర్నాడే ఆయన నా మాత్రలు తీసేశారు. ఒక్కో వంటకంలో ఉప్పు వేయగానే గుర్తుకు నాలో ఒక రాయి వేసేవారు. ఆ దాపరికంలో నాకూ వాటా దక్కింది.

ఆండాళమ్మగారు వెతికి, పోపులపెట్టెలో ఆవాల కింద ఐదు రోజుల మాత్రలు పట్టుకున్నారు. ఆచార్యులుగారు ఇక దాచలేక ఉప్పురాళ్ళ సంగతి చెప్పేశారు.

"ఉప్పు గుర్తుకోసం మందు మానేశారా?" అని, చప్పున ఆగిపోయారు. గొంతు తగ్గింది. "అయితే ఆ శనివారం... పెరుమాళ్ళు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాడండీ. పని సంగతి ఎత్తలేదు. మీ ఒంట్లో ఎలా ఉందని అడిగి వెళ్ళాడు."

ఆచార్యులుగారు పూలసజ్జ లేకుండా బయల్దేరారు. నన్ను చేత్తో పట్టుకుని వీధి మధ్యలో నడిచారు. దారిలో పెరుమాళ్ళును ఇంట్లోంచి పిలిచి, గుడికి వెంట తీసుకెళ్ళారు. ధర్మకర్త బల్ల మీద నన్ను పెట్టి, నా మూతలు ఒక్కొక్కటే తెరిచారు.

"నాకు మతి తప్పుతోందండీ. ఇవి నా గుర్తులు. ఆ రోజు రెండోసారి ఉప్పు వేసింది నేనే. 'ఇందాకే వేశారు స్వామీ' అని పెరుమాళ్ళు చెప్పాడు. 'నాకు చెప్పేవాడివయ్యావా, నోరు మూసుకో' అన్నాను. అది మరిచిపోలేదండీ. మీరడిగినప్పుడు గుర్తుంది. గుర్తుండే నోరు మూసుకున్నాను."