చంక కింది తూటు

ఎర్రమంజిల్‌లో ఒక ఇంటి కింది గదిలో సెరీనా మట్టి పని చేస్తుంది. మనుషులు చెప్పిన కథలను కుండల మీద, బొమ్మల్లో పెడుతుంది. ఆమెకు ఒక పద్ధతి ఉంది. కథ చెప్పే మనిషి పక్కనే కూర్చుని మట్టి మీద చెయ్యి వెయ్యాలి. ఆ వేళ్లు చేసినదాన్ని సెరీనా దిద్దదు.

ఈసారి కథ చిలకమ్మది. ఉండేది బోరబండ. మైత్రీవనం వెనక ఒక హాస్టల్‌లో గిన్నెలు తోముతుంది. భర్త పోచయ్య సెంట్రింగ్ పని చేస్తూ పంజాగుట్టలో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయి రెండేళ్లయింది. ఫోటో లేదు. ఉన్న ఒక్కటీ ఫోన్‌తో పాటు పోయింది. కూర్చున్న పోచయ్యను సెరీనా మూరెడు ఎత్తున, లోపల బోలుగా కట్టింది. ముఖం కోసం చిలకమ్మ పదకొండు ఆదివారాలు వచ్చింది. పదకొండో ఆదివారం "గిదే" అన్నది. ఇంకోసారి చెయ్యమంటే తన వల్ల కాదని కూడా అన్నది. ముఖం మతికి రావడం తగ్గిపోతోందట.

బొమ్మ ఆరడానికి మూడు వారాలు పట్టింది. సోమవారం ఉదయం పదిన్నరకు సెరీనా దాన్ని కరెంటు బట్టీలో పెట్టి స్విచ్ వేసింది. పదకొండున్నరకు ఫోన్ మోగింది.

"పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన అక్కా. డెబ్బై ఆరు డిగ్రీల మీదున్నది."

"నిన్న నేను బొమ్మను సూడనీకి వచ్చినప్పుడు నువ్వు చాయ్ పెట్టవోయినవు చూడు, గప్పుడు చంక కింది తూటు మూసిన. తడి మట్టి పెట్టి నున్నగ చేసిన. చెప్పుడు మర్సిన."

సెరీనా స్విచ్ ఆపింది.

బోలు బొమ్మకు ఒక తూటు ఉండాలి. కాలుతున్నప్పుడు లోపలి ఆవిరి అందులోంచి పోతుంది. కనబడకుండా ఉంటుందని సెరీనా ఎప్పుడూ చంక కిందే పెడుతుంది. దాన్ని తడి మట్టితో మూస్తే నూరు డిగ్రీలు దాటాక బొమ్మ పగులుతుంది. స్విచ్ ఆపినా బట్టీ మీటర్ ఎనభై ఒకటికి వచ్చింది.

"అక్కా, అది మల్ల తెరవాలె. లేకుంటే పల్గుతది."

"వద్దు."

"ఎందుకు?"

ఫోన్‌లో గిన్నెల చప్పుడు వినిపించింది.

"పడ్డప్పుడు ఇనుప చువ్వ ఆడ్నే దిగింది. దవాఖానల బట్ట తీసి సూపెట్టిండ్రు. నువ్వు సుత గాడ్నే పెట్టినవ్."

పదకొండు ఆదివారాల్లో చిలకమ్మ ఈ మాట ఎత్తలేదు.

మీటర్ ఎనభై ఆరు. సెరీనా గ్లౌజులు వేసుకుని మూత ఎత్తింది. బొమ్మ పై అరలోనే ఉంది. సూది చేతిలో ఉంది. చంక కింద మట్టి ఇంకా నల్లగా, తడిగా కనిపించింది.

"ఇంకో తావుల పెడ్త. ఏడ పెట్టాల్నో నువ్వే చెప్పు."

అవతల ఎవరో ప్లేట్లు అడిగారు. "ఆగు, వస్తున్న," అని చిలకమ్మ వాళ్లతో అన్నది. తర్వాత ఫోన్‌లో అన్నది:

"ముక్కుల పెట్టు."

"సరే. ఒక్కటి చాలు."

"ఒక్క ముక్కుతోని ఎవడు పీలుస్తడే? రెండు పెట్టు."

పదకొండు ఆదివారాల్లో నాలుగు ఆ ముక్కుకే పోయాయి. ఎండిన మట్టి పొడిలా రాలుతుంది. సెరీనా సూదిని నొక్కకుండా తిప్పుతూ పోయింది. మొదటిది లోపలికి దిగింది. రెండోది దిగుతుండగా అంచు లేచిపోయింది.

"ఊడిందా?" అని చిలకమ్మ అడిగింది.

"అంచు జర పోయింది."

"ఎంత?"

"బియ్యం గింజంత."

"గంతనే కదా. కానియ్."

సెరీనా చంక కింది మట్టిని ముట్టలేదు. మూత వేసి, ఆ తడి ఆరేలా సాయంత్రం దాకా ఎనభై దాటనివ్వకుండా ఉంచి, ఆ తర్వాత వేడి పెంచింది.

బుధవారం మూడింటికి చిలకమ్మ వచ్చింది. సెరీనా మూత తీసింది. చంక కింద మూసిన తూటు చుట్టూ సన్నటి బీట వచ్చింది. ముఖం నిలిచింది.

చిలకమ్మ ముట్టుకోవచ్చా అని అడగలేదు. వేలు తీసుకెళ్లి ముక్కు కింద పెట్టింది.

"వెచ్చగ వస్తున్నది."

"లోపల ఇంకా చల్లారలేదక్కా."

"నాకెర్కే," అన్నది చిలకమ్మ. వేలు తీయలేదు.