నెలకో కట్టు

"నెల నిండింది. ఆపరేషన్ మీ నెలల పడ్డది. దానికి మమ్ముల ఏం జేయమంటవ్?" అంది గంగమణి, ఉల్లిగడ్డల తట్ట ముందుకు జరుపుకుంటూ.

"దవాఖాన దినాలు వంతుల లెక్కకు రావక్కా. అత్త ఇంటికొచ్చినంకనే మా నెల షురువైతది," అంది ఆమె తోడికోడలు సింధుజ.

"మరి దవాఖానకు బువ్వ డబ్బా మోసుడు ఎవలదే?"

"నిజామాబాద్ నీకు దగ్గరనా, మాకు దగ్గరనా? నువ్వే చెప్పు."

పొద్దుటి నుంచీ తెగని ఈ పంచాయితీని అత్త పోసవ్వ మంచం మీద పడుకుని వింటోంది. మంచం వాళ్లకు మూరెడు దూరంలోనే ఉంది. వంకాయలు బేరమాడేవాళ్లైనా మధ్యలో ఒకసారి వంకాయల వైపు చూస్తారు.

ఆమె కన్న ఇద్దరు వీరులు గోడవారగా కుర్చీల్లో కూర్చున్నారు. పెద్దవాడు రాజేశ్వర్‌కు బాన్సువాడలో ఎరువుల దుకాణం. ఈ ఇల్లు వాడిదే. చిన్నవాడు నరేష్‌ది బిచ్కుంద అవతల వ్యవసాయం. నెల మారింది కాబట్టి తల్లిని తీసుకుపోవడానికి సింధుజతో కలిసి వచ్చాడు. వచ్చి ఛాయ్ తాగాడు. రెండోసారి కూడా తాగాడు.

ఎండాకాలంలో కాలువగట్టు మీద జారి పోసవ్వ కుడికాలు మోకాలి కింద విరిగింది. అప్పటికే ఆమె నెల పెద్దోడింట, నెల చిన్నోడింట ఉండేది. విరిగిన కాలు కూడా ఆ పద్ధతికే లోబడింది. పెద్దోడు పిండికట్టు వేయించాడు. నెల కాగానే ఆటో ఎక్కించాడు. చిన్నోడికి డాక్టర్ల మీద నమ్మకం లేదు. వాడికి నమ్మకం లేనివి చాలా ఉన్నాయి, పొద్దున్నే లేవడంతో సహా. పిండికట్టు కోయించి, పసరు పోయించి, వెదురు బద్దలతో నాటుకట్టు కట్టించాడు. మళ్లీ బాన్సువాడ చేరగానే పెద్దోడు ఆ బద్దలు చూసి తమ్ముడి తెలివిని నానా మాటలూ అన్నాడు. అవి పీకించి మళ్లీ పిండికట్టు. అక్కడ పథ్యమని గుడ్డూ పాలూ బంద్, ఇక్కడ పూటకో గుడ్డు. ఈలోగా వరికోతలు కూడా అయిపోయాయి. సంతలో కొన్న దూడనైనా ఇన్నిసార్లు తాడు మార్చి కట్టరు.

నిన్న నిజామాబాద్‌లో డాక్టర్ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూశాడు. "ఎముక అతకలేదమ్మా. కదిలీ కదిలీ ముక్కల చివర్లు నున్నగా అరిగిపోయాయి. తుంటి దగ్గర కొంత ఎముక తీసి అక్కడ పెట్టి, రాడ్ వేయాలి. తర్వాత ఒక్కచోటే ఉండాలి, ఒక్క వైద్యమే చేయించుకోవాలి. ఈసారీ చెడితే ఇక నడక మీద ఆశ వదులుకోవాల్సిందే," అన్నాడు.

"ఆటోల తీస్కపోవచ్చునా సార్?" అని అడిగాడు నరేష్.

డాక్టర్ వాడివైపు చూసిన చూపు పోసవ్వకు నచ్చింది. తానూ చాలా ఏళ్లుగా వాడిని అలాగే చూస్తోంది.

ఆమె కోరిక పెద్దదేమీ కాదు. ఎవరి భుజమూ పట్టుకోకుండా బాత్రూందాకా పోయి రావాలి. అంతే.

"నాటుకట్టు ఇంకొన్ని దినాలుంచితే అతుకుతుండె. అన్ననే పీకించిండు," అన్నాడు నరేష్ ఇప్పుడు.

"అతుకుతుండె! నీ పసరుకు గోడ గూడ అతకది," అన్నాడు రాజేశ్వర్ ఫోన్‌లోంచి తలెత్తకుండా. "అయినా మనమేం జేస్తం? అవ్వ బొక్కలల్లనే దమ్ము లేదు."

తమ్ముడు ఒప్పుకుంటూ తలాడించాడు. ఏడాదిలో అన్నదమ్ములకు కుదిరిన మాట ఇదొక్కటే.

ఇన్ని నెలలూ కోడళ్లు సణుగుతూనే అయినా ఆమెను ఎత్తి కూర్చోబెట్టారు, బెడ్‌పాన్ తీశారు, వీపు తుడిచారు. కన్నకొడుకులు మాత్రం ఎక్స్‌రే ఒక్కటే ఎత్తారు. నీళ్ల గ్లాసు అందియ్యమన్నా "గంగమణీ!" అని కేకేసే పెద్దోడికి ఆమె ఎముకల దమ్ము గురించి మాట్లాడే నోరుంది.

"జర ఆగుర్రి," అంది పోసవ్వ. గొంతు పెంచలేదు. గంగమణి చేతిలో కత్తి ఆగింది. "ఆపరేషన్ చేయించుకుంట. ఇంటికొచ్చినంక ఈ ఇంట్లనే, ఈ అర్రలనే ఉంట. నడిచేదాక ఆటో ఎక్క. డాక్టర్ వేసిన కట్టు డాక్టరే ఇప్పుతడు. ఎవలన్న చెయ్యి వెడితే నా చెయ్యి గూడ లేస్తది."

"మంచిదే అవ్వా," అన్నాడు నరేష్, ఆటో కిరాయి తప్పినంత హాయిగా. "సింధు అప్పుడప్పుడు వచ్చి..."

"సింధుజ రాదు. గంగమణి గూడ నా మంచం కాడికి రాదు. ఇగ వంతులు మీ ఇద్దరియి. ఒక నెల వాడు, ఒక నెల నువ్వు. ఎత్తుడు, కూసోవెట్టుడు, పాన్ కడుగుడు, అన్ని మీరే. దుకాణం గంగమణి నడుపుతది, పొలం సింధుజ సూస్తది. ఇప్పుడైనా సూసేది వాళ్లే."

రాజేశ్వర్ ఫోన్ పక్కన పెట్టాడు. "ఏందవ్వా గిది? మగోళ్లం..."

"పుట్టినప్పుడు గూడ మగోళ్లే ఉంటిరి. నేను కడగలేదా?"

సింధుజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగమణి తల వంచి ఉల్లిగడ్డ కోయసాగింది.

"దవాఖాన దినాలు గూడ లెక్కకొస్తయి," అంది పోసవ్వ, దుప్పటి మీదికి లాక్కుంటూ. "మొదటి నెల పెద్దోడిది."